కొండవార మంద: తోడేళ్లు, చిరుతలు తిరిగే చోట గొర్రెలను ఎలా కాచుకోవాలి

షెడ్డు వేసి, మేత కోసి తెచ్చి గొర్రెలను పెంచేవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ. పొద్దున్నే మందను బయటికి తోలి, కొండవారన, చేలగట్ల వెంట, కాలవకట్టల మీద మేపి, సాయంత్రానికి దొడ్డికి తోలుకొచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గుంటూరు, పల్నాడు, కృష్ణా వైపు కాపరి కుటుంబాలు తరతరాలుగా గొర్రెలను మేపుతున్నది ఇలాగే. ఈ మధ్య చదువుకున్న కుర్రాళ్లు కూడా ఇరవయ్యో ముప్పయ్యో గొర్రెలు కొని ఈ పనిలోకి దిగుతున్నారు. వాళ్లు మేత గురించి, మార్కెట్ గురించి బాగానే తెలుసుకుని వస్తారు. రాత్రి ఏదైనా జంతువు వస్తే ఏం చేయాలన్న దగ్గరే టెన్షన్ పడతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అడవి జంతువును చంపి మందను కాపాడుకోలేం. ఒక తోడేలును చంపితే ఆ ఖాళీలోకి ఇంకోటి వస్తుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో తోడేలు, చిరుత, పెద్దపులి ఉన్నాయి. వాటిని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మందను నిజంగా కాపాడేవి మూడు: గట్టి రాత్రి దొడ్డి, మందలోనే పుట్టిపెరిగినట్టు పెరిగిన కుక్క, కళ్లు తెరుచుకుని మంద వెంట నడిచే మనిషి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగతా రెండూ ఆ లోటును పూడ్చలేవు.

ముందు ఆ చోట ఏమేం తిరుగుతున్నాయో తెలుసుకోండి

కొత్త చోటికి మందను తోలే ముందు ఒక్కరే వెళ్లి చూసి రండి. తెల్లవారగానే చెరువు ఒడ్డు, వాగు ఇసుక, వాన పడ్డాక బురద దారులు చూడండి. కుక్క, నక్క, తోడేలు అడుగుల్లో గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి దాని అడుగు గుండ్రంగా, గోళ్ల గుర్తు లేకుండా ఉంటుంది. ఆ తర్వాత ఊళ్లో పాత కాపరి ఎవరో కనుక్కుని ఆయన పక్కన కాసేపు కూర్చోండి. ఏ వాగు మలుపులో పోయినేడు పిల్లలు పోయాయో, ఏ గుట్ట మీద రాత్రి అరుపులు వినిపిస్తాయో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

మన ప్రాంతమంతా ఒక్క తీరుగా లేదు. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి వైపు అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంది. 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది. అటువైపు మేపేవాళ్లు పులినీ చిరుతనూ లెక్కలో పెట్టుకోవాల్సిందే. రాతిగుట్టలూ గుహలూ ఉన్న కొండవీడు, కొండపల్లి లాంటి చోట్ల చిరుత రాదన్న ధీమాతో ఉండకూడదు. చెట్లు తక్కువగా ఉండే మెట్ట పొలాలు, బీళ్లు తోడేలుకు ఇష్టమైన చోటు. కృష్ణ ఒడ్డున లంకల్లో, అరటితోటల్లో, జమ్ము పెరిగిన కాలవల వెంట నక్కలు ఉంటాయి. అవి పెద్ద గొర్రె జోలికి రావు, అప్పుడే ఈనిన పిల్లల కోసం చూస్తాయి.

నన్నడిగితే బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల మందలకు అన్నిటికంటే పెద్ద బెడద ఊరకుక్కలు. మాంసం వ్యర్థాలు పారబోసే చోట గుంపులుగా చేరతాయి. మనిషంటే భయం ఉండదు, పగలని రాత్రని ఉండదు. తోడేలు ఆకలికి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోతుంది. ఊరకుక్కల గుంపు తినకుండానే పది గొర్రెలను చీల్చి వదిలేస్తుంది. అందుకే బైపాస్ పక్కన, డంపింగ్ యార్డులకు దగ్గర్లో దొడ్డి పెట్టకండి, మేత ఎంత బాగున్నా సరే.

మంద కూర్పు

ఇక్కడ నెల్లూరు గొర్రెలే సరిపోతాయి. తెల్లగా ఉండే పల్ల, కళ్ల చుట్టూ మూతి దగ్గర నల్ల మచ్చలుండే జోడిపి, గోధుమరంగు గొర్రె, మూడూ ఎత్తయిన కాళ్లతో దూరం నడుస్తాయి. ఉన్ని ఉండదు కాబట్టి ఎండకు తట్టుకుంటాయి. తెల్ల ఒంటి మీద పెద్ద పెద్ద నల్లటి, గోధుమరంగు మచ్చలుండే మాచర్ల గొర్రెను కూడా ఈ మధ్యే ప్రత్యేక జాతిగా గుర్తించారు. చలి దేశపు ఉన్ని గొర్రెలను తెచ్చి రెంటచింతల ఎండలో తిప్పొద్దు.

ముప్పై నలభై గొర్రెలకు ఒక విత్తన పొట్టేలు చాలు. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చండి, లేకపోతే తన కూతుళ్లనే దాటి పిల్లలు బలహీనంగా పుడతాయి. మందలో నాలుగు మేకలను కలపండి. గొర్రె తల దించుకుని మేస్తుంది, మేక తలెత్తి అటూ ఇటూ చూస్తుంది, కొత్త దారిలో ముందు నడిచేది కూడా మేకే. ముందు నడిచే జీవాలకు గంటలు కట్టండి. గంట మోత ఒక్కసారిగా ఆగినా, ఒక్కసారిగా పెరిగినా తలెత్తి చూడటం మీకు అలవాటు కావాలి. సంతలో కొన్న కొత్త గొర్రెను మూడు వారాల పాటు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే మందలో వదలండి.

రాత్రి దొడ్డి

జంతువుల దాడులు ఎక్కువగా చీకట్లోనే జరుగుతాయి. కాబట్టి ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

నీళ్లు నిలవని మెరకలో దొడ్డి వేయండి. చుట్టూ కనీసం యాభై అడుగుల మేర పొదలు, సర్కారు తుమ్మ కొట్టేయండి. పొంచి ఉండే చోటు లేకపోతే చిరుత దగ్గరికి రావడానికి వెనకాడుతుంది. ఒక్కో గొర్రెకు పది చదరపు అడుగుల చోటు ఉండాలి. తుమ్మకంప దడి చవక, కానీ ఎండిపోయాక సందులు పడతాయి, వారానికోసారి చూసి కొత్త కంప నొక్కాలి. ఇనుప వల వేస్తే దాని అడుగుభాగాన్ని బయటివైపు రెండడుగులు నేల మీద పరిచి రాళ్లు పెట్టండి. తోడేలూ కుక్కా దడి మొదట్లోనే తవ్వడం మొదలుపెడతాయి. అక్కడ వల తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన వాటికి రాదు.

చిరుత తిరిగే చోట ఎత్తయిన గోడ కట్టి ఊరుకుంటే చాలదు. ఆరడుగుల గోడను అది సులువుగా దూకుతుంది, చెట్టుకొమ్మ మీదుగా కూడా దిగుతుంది. అలాంటి చోట పైన కూడా వల కప్పాలి. మొత్తం దొడ్డికి కప్పే స్తోమత లేకపోతే పిల్లలు, చూలు గొర్రెలు ఉండే గది వరకైనా కప్పండి. పైకప్పు లేని దొడ్డిలోకి చిరుత దూకిందంటే ఒక్కదాన్ని తీసుకుపోవడంతో ఆగదు. బయటికి దారి లేక గొర్రెలు గిరగిరా తిరుగుతుంటే అది దొరికినవన్నీ కొరికేస్తుంది.

వరి కోతలయ్యాక డెల్టాలోకి వలస వచ్చే మందలకు గోడలూ కప్పులూ కుదరవు. నైలాన్ వల, గుంజలు, ఒక మడత మంచం, అంతే. ఈ పద్ధతిలో ఒక మేలుంది. చేలో మంద కట్టించుకునే రైతు రాత్రికి ఇంతని డబ్బో, ధాన్యమో ఇస్తాడు. చేనికి ఎరువు పడుతుంది. దొడ్డి చోటు రోజూ మారుతుంది కాబట్టి జంతువులకు ఆ చోటు అలవాటు కాదు, గొర్రెలు తమ పెంటలోని నట్టలను, అంటే కడుపు పురుగులను, తామే మళ్లీ తినే అవకాశమూ తగ్గుతుంది. వలను మాత్రం బిగువుగా కట్టాలి. వదులు వలను బెదిరిన గొర్రెలు ఒక్క తోపుకే పడగొడతాయి. తోడేలుకు కావాల్సింది కూడా అదే, మంద చెదిరి చీకట్లో పడాలి.

మెరిసే సోలార్ లైట్లు కొన్నాళ్లు పనిచేస్తాయి. ఒకే చోట ఒకే తీరుగా మెరుస్తుంటే జంతువులు అలవాటు పడిపోతాయి, అందుకని రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి. కరెంటు తీగలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. దడికి నేరుగా కరెంటు ఇస్తే అడవిపంది కంటే ముందు పక్క చేను రైతు చచ్చిపోతాడు. మన జిల్లాల్లో ఇలా పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు.

కుక్కను మందలో ఎలా పెంచాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ తొందరపడేది ఇక్కడే.

ముందు ఒక తేడా తెలుసుకోండి. గొర్రెలను అటూ ఇటూ తోలే కుక్క వేరు, మందను కాపలా కాసే కుక్క వేరు. తోలే కుక్క గొర్రెను వేటజంతువులా చూసి వెంటపడుతుంది, కరవడం ఒక్కటే చేయదు. కాపలా కుక్కకు ఆ వెంటపడే బుద్ధే ఉండకూడదు. అది మందను తన వాళ్లని అనుకోవాలి. టర్కీ అనటోలియా కుక్కలు, ఇటలీ మరెమ్మాలు, హిమాచల్‌లో గద్దీ కాపరుల కుక్కలు ఈ పనికి పేరుపడ్డవి. అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే శాస్త్రవేత్త 1970ల చివర్నుంచి ఇలాంటి కుక్కలను వందల సంఖ్యలో రైతులకిచ్చి వాటి నడవడిని గమనించాడు. మంచి కాపలా కుక్కకు ఆయన మూడు గుణాలు చెప్పాడు: మందను గాయపరచకూడదు, మందను వదిలిపోకూడదు, కొత్తది ఏదొచ్చినా అడ్డుపడాలి. నమీబియాలో చీతాలను కాపాడే సంస్థ ఒకటి 1994 నుంచి రైతులకు అనటోలియా కుక్కలను ఇస్తోంది. మందలో నష్టం తగ్గితే రైతు చీతాను కాల్చడన్నది వాళ్ల ఆలోచన, చాలా పొలాల్లో అది నిజమైంది.

అంటే ఆ కుక్కను విమానంలో తెప్పించుకోమని కాదు. దట్టమైన బొచ్చున్న చలి దేశపు కుక్క మన మే నెలలో నీడ వదిలి కదలదు. ఆల్సేషన్‌ను కూడా తేవొద్దు, అది మనిషి వెంట తిరుగుతుంది కానీ గొర్రెల మధ్య పడుకోదు. మన కాపరుల మందల్లో తిరిగే నాటు కుక్క పిల్లే మేలు. తల్లి మంద వెంట నడిచేదై ఉండాలి. వీధిలో కోళ్లను తరిమే కుక్క పిల్లను ఎంత ముద్దుగా ఉన్నా తీసుకోకండి.

పిల్లను ఏడెనిమిది వారాల వయసులో తెచ్చుకోండి. పుట్టిన మూడో వారం నుంచి నాలుగో నెల దాకా కుక్క ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తన వాళ్లుగా తలుస్తుంది. ఆ కాలం ఇంటి అరుగు మీద పిల్లల మధ్య గడిస్తే అది ఇంటి కుక్క అవుతుంది. దొడ్డిలో ఒక మూలన చిన్న దడి కట్టి, పాలు మరిచిన గొర్రెపిల్లలను రెండు మూడింటిని దాని పక్కన ఉంచండి. కుక్కపిల్ల మాత్రమే దూరగల సందు ఒకటి వదలండి, గొర్రెలు పొడవబోతే తప్పించుకోవడానికి. తిండి అక్కడే, నీళ్లు అక్కడే, నిద్ర అక్కడే. మీరు రోజూ వెళ్లి ఒళ్లు నిమరండి, తాడు కట్టి నాలుగడుగులు నడిపించండి, పిలిస్తే వచ్చేలా నేర్పండి. డాక్టరుకు సూది వేయడానికి కూడా అందని కుక్క వల్ల ఉపయోగం లేదు. ఇంట్లోకి మాత్రం తీసుకురాకండి, పిల్లలు ఎంత ఏడ్చినా.

నాలుగో నెల నుంచి ఏడాది దాకా అసలు పరీక్ష. కుర్రకుక్క ఆటకు గొర్రెల వెంట పరుగెత్తుతుంది, చెవులు లాగుతుంది, పిల్లలను కింద పడేస్తుంది. ఇది దుర్మార్గం కాదు, వయసు. కానీ ఒకసారి వదిలేస్తే అలవాటవుతుంది. ఆట మొదలవగానే గట్టిగా అదిలించండి, పొడుగు తాడుతో మంద మధ్యలోనే కట్టేయండి, లొంగని పెద్ద గొర్రెలతో కలిపి ఉంచండి. కొట్టొద్దు. దెబ్బలు తిన్న కుక్క మందను చూస్తేనే పక్కకు తప్పుకుంటుంది. ఏడాదిన్నర నిండే దాకా ఈనే గొర్రెల దగ్గర దాన్ని ఒంటరిగా వదలకండి. మొదటి కుక్క స్థిరపడ్డాక రెండోదాన్ని తెండి, దానికి సగం పాఠం పెద్దదే చెప్తుంది.

తిండి దగ్గర పిసినారితనం పనికిరాదు. ఆకలిగా ఉన్న కుక్క మందను వదిలి ఊళ్లోకి పోతుంది. సంకటో అన్నమో పెట్టి, గుడ్డు, ఉడికించిన చేప కలపండి. పచ్చి గొర్రె తలకాయ, కాలేయం, ఊపిరితిత్తులు మాత్రం ఎప్పుడూ వేయొద్దు. వాటిలోని తిత్తుల నుంచి కుక్క పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు పెంటతో గడ్డి మీద పడి మళ్లీ గొర్రె కడుపులోకి చేరతాయి. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే మెదడులో అలాంటి తిత్తి ఉండే అవకాశం ఎక్కువ. మరో రకం పురుగు గుడ్లు మనిషి కాలేయంలో కూడా గడ్డలు చేస్తాయి. మూడు నెలలకోసారి డాక్టరు చెప్పిన మోతాదులో కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేస్తే ఈ బాధ తప్పుతుంది. రేబిస్ టీకా మూడో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి. డిస్టెంపర్, పార్వో టీకాలు కూడా వేయించండి. డిస్టెంపర్ మన కుక్క నుంచి నక్కలకూ తోడేళ్లకూ అంటుకుంటుంది, ఆ పాపం మనకెందుకు. ఆడకుక్కకైనా మగకుక్కకైనా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. ఎదకాలంలో మందను వదిలిపోయే కుక్కను నమ్మి మనం నిద్రపోలేం.

చిరుత ఉన్న చోట ఇంకో జాగ్రత్త కావాలి. మహారాష్ట్రలో అకోలె పొలాల్లో తిరిగే చిరుతలు ఏం తింటున్నాయో పరిశీలిస్తే అన్నిటికంటే ఎక్కువగా తేలింది కుక్కే. కాబట్టి రాత్రి దొడ్డి బయట గుంజకు కుక్కను కట్టేస్తే మీరు చిరుతకు భోజనం పెట్టినట్టే. దాన్ని లోపలే, గొర్రెల మధ్యే విడిచి ఉంచండి. మెడకు బయటివైపు మేకులు తేలిన తోలుపట్టీ వేయండి, హిమాలయాల్లో కాపరులు ఇనుప పట్టీలు వేసేది ఇందుకే. నాటు కుక్క చిరుతతో పోరాడి గెలుస్తుందని ఆశ పెట్టుకోకండి. అది ముందుగా పసిగట్టి మొరిగితే చాలు, లేచి కదలాల్సింది మీరు.

గాడిద గురించి కూడా అడుగుతుంటారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో మందకు ఒక గాడిదను కాపలా పెట్టే రైతులున్నారు. కుక్కజాతి జంతువంటే గాడిదకు పుట్టుకతోనే పడదు, గట్టిగా ఓండ్రపెట్టి కాళ్లతో తంతుంది. ఒక్క ఆడగాడిదను గానీ, విత్తులు తీసిన మగదాన్ని గానీ పెట్టాలి. రెండుంటే అవి ఒకదానికొకటి తోడై మందను పట్టించుకోవు, విత్తులున్న మగది గొర్రెపిల్లలను చంపేయొచ్చు. నక్కకో, ఒంటరి ఊరకుక్కకో గాడిద సరిపోతుంది. తోడేళ్ల గుంపుకూ చిరుతకూ సరిపోదు. మీ కాపలా కుక్కతో కూడా దానికి మొదట్లో పడదు, నిదానంగా అలవాటు చేయాలి.

రోజు ఎలా నడపాలి

లేవగానే దొడ్డి తలుపు తీయకండి. ముందు చుట్టూ ఒక తిరుగు తిరిగి అడుగులు, తవ్విన గుర్తులు, తెగిన వల చూడండి. తర్వాత తలుపు సగమే తెరిచి గొర్రెలను ఒక్కొక్కటిగా వదులుతూ లెక్కపెట్టండి. కుంటేది, వెనకబడేది, ముక్కు కారేది ఈ తలుపు దగ్గరే కంట పడుతుంది. సాయంత్రం లోపలికి వచ్చేటప్పుడూ అంతే.

ఎండాకాలం ఆరింటికల్లా తోలి, పదింటికి నీడకు చేర్చండి. మళ్లీ నాలుగు తర్వాతే. వానాకాలం మాత్రం తొందరపడొద్దు. తడి గడ్డి కొసల మీదికి నట్టల పిల్లలు ఎక్కి ఉంటాయి, మంచు ఆరి గడ్డి పొడిబారే దాకా ఆగండి. ఎండాకాలం సాయంత్రాల్లో ఒక చిక్కుంది. చల్లబడ్డాక గొర్రెలు బాగా మేస్తాయి, ఇంకాసేపు మేపాలనిపిస్తుంది. సరిగ్గా మునిమాపు వేళే తోడేళ్లు కదిలేది. పొద్దు గుంకే సరికి మంద దొడ్డిలో ఉండాలి, సగం కడుపుతో వచ్చినా పరవాలేదు. ఆ సగం తుమ్మకాయలు, అవిసె ఆకు, సుబాబుల్ రెమ్మలతో దొడ్డిలో నింపొచ్చు. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి, బొచ్చు రాలుతుంది.

నడిచేటప్పుడు మంద వెనకే ఉండిపోకుండా పక్కగా, పొదలున్న వైపు నడవండి. వాగు దాటేటప్పుడు మీరు ముందు దిగండి. ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. ఫోన్ జేబులోనే ఉండాలి. తోడేలు మందను దూరం నుంచి చాలాసేపు గమనించి, మనిషి ఏమరుపాటుగా ఉన్న వైపు నుంచే వస్తుంది.

మేతలో ప్రమాదాలు జంతువుల కంటే ఎక్కువ మందలను ఖాళీ చేస్తాయి. మిర్చి, పత్తి చేలలోకి దించే ముందు మందు ఎప్పుడు కొట్టారో రైతును అడగండి, ఆయనకు గుర్తు లేకపోతే దించకండి. వరి తర్వాత వేసిన జొన్న కోశాక మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లోనూ, వానలేక వాడిన లేత జొన్నలోనూ సైనైడ్ విషం ఉంటుంది. తిన్న కాసేపటికే గొర్రె తూలి, ఎగశ్వాసతో పడిపోతుంది. మొక్కజొన్న కళ్లాల దగ్గర గింజలు ఎక్కువ మేస్తే కడుపులో పులిసి చస్తాయి. కొత్త చేలోకి ఖాళీ కడుపుతో ఎప్పుడూ దించొద్దు, ముందు బీడులో కాసేపు మేపి అప్పుడు దించండి. కాలవ పక్క నిలవ నీటిలో నత్తలుంటే ఆ నీళ్లు తాగనీయకండి, జలగవ్యాధి అక్కడి నుంచే వస్తుంది. దవడ కింద నీరు దిగిందంటే కాలేయం చెడిందనో, ఒంట్లో రక్తం లేదనో గుర్తు. వారానికోసారి నాలుగైదు గొర్రెల కింది కనురెప్ప విప్పి చూడండి. లోపల ఎర్రగా ఉంటే మంచిది, తెల్లగా పాలిపోతే నట్టల మందు పట్టించే సమయం వచ్చినట్టు.

ఈనే రోజులు

గొర్రె చూలు నూట యాభై రోజులు. పొట్టేలును ఎప్పుడు వదిలారో రాసుకుంటే ఎప్పుడు ఈనుతాయో తెలుస్తుంది. ఆఖరి వారంలో వాటిని దూరం తోలకండి. నడుస్తూ దారిలో ఈనిన గొర్రె పిల్లను నాకుతూ వెనక ఉండిపోతుంది, నక్క కాచుకునేది దానికోసమే. మావి పడగానే లోతుగా పాతిపెట్టండి, ఆ వాసనకు కుక్కలూ నక్కలూ చేరతాయి. పిల్ల బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాసి, గంటలోపు ముర్రుపాలు తాగేలా చూడండి. మూడు వారాల దాకా పిల్లలు దొడ్డిలోనే, పైన వల కప్పిన గదిలో ఉండాలి. మంద తిరిగొచ్చే దాకా వాటి దగ్గర ఒక మనిషి ఉండాలి.

టీకాలు

వానలకు ముందు చిటుకు రోగం, గొంతువాపు టీకాలు. దోమలు పెరిగే లోపే నీలినాలుక టీకా. గాలికుంటు ఏడాదికి రెండుసార్లు, బొబ్బ రోగం ఏడాదికోసారి. పీపీఆర్, అంటే పారుడు రోగం టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు పనిచేస్తుంది. దీన్ని మాత్రం ఎవరూ వదిలిపెట్టొద్దు. ఇది గొర్రెల నుంచి అడవిలోని జీవాలకు కూడా అంటుతుంది, 2017లో మంగోలియాలో సైగా జింకలు వేలల్లో చచ్చిపోయింది దీనివల్లే. ఊళ్లో డాక్టరు అందుబాటులో లేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

దాడి జరిగితే

కుక్క మొరుగుడు మారిందంటే టార్చి వేసి, గట్టిగా కేకలు పెడుతూ లేవండి. డబ్బా మోగించండి. చిరుత కనిపిస్తే దాని వెంట పరుగెత్తొద్దు, పొదలోకి తొంగి చూడొద్దు, దారి వదిలి నిలబడండి. నోటికి దొరికిన గొర్రెను లాక్కోవడానికి ప్రయత్నించిన మనుషులు గాయపడ్డారు. ఒక్క గొర్రెకు మీ ప్రాణం బదులు కాదు.

తెల్లారాక కళేబరాన్ని కదిలించకుండా ఫోటోలు తీయండి. గొంతు దగ్గర లోతైన పంటిగాట్లు, ఈడ్చుకెళ్లిన గుర్తు ఉంటే చిరుత కావొచ్చు. తొడలు, పిరుదులు, చెవులు చిందరవందరగా చీలి ఉండి, తిన్నది కొంచెమే అయితే ఊరకుక్కలు. చిరుతో పులో చంపినట్టు అనుమానముంటే వెంటనే అటవీశాఖ బీట్ ఆఫీసుకు చెప్పండి. పరిహారం రావాలంటే వాళ్లు వచ్చి చూడాలి, పశువైద్యుడి పరీక్ష కాగితం ఉండాలి. కళేబరానికి పురుగుమందు పూసి వదిలే పని ఎవరైనా చేయబోతే అడ్డుకోండి. ఆ విషానికి ముందు చచ్చేది మీ కుక్క, తర్వాత ఊళ్లో కుక్కలు, కాకులు, గద్దలు.

కుక్క కరిచిన గొర్రె బతికి ఉంటే గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకా కోసం డాక్టరును పిలవండి. కడిగేటప్పుడు చేతులకు తొడుగు వేసుకోండి. మీకు చిన్న గీత పడినా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాల్సిందే.

ఇదంతా జరగకముందే ప్రతి గొర్రెకూ చెవి ట్యాగు వేయించి బీమా కట్టి ఉండాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పశువుల బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. ట్యాగు ఊడిపోతే బీమా డబ్బు రావడం కష్టం, అందుకే పొద్దున తలుపు దగ్గర లెక్కపెట్టేటప్పుడు చెవులు కూడా చూస్తూ ఉండండి.

దాడి జరిగిన మర్నాటి రాత్రి అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి దొరికిన చోటికి జంతువు మళ్లీ వస్తుంది. వలల దొడ్డి అయితే మందను ఊరివైపు, ఇంకో మందకు దగ్గరగా మార్చండి. కట్టిన దొడ్డి అయితే అది ఎటు నుంచి వచ్చిందో ఆ సందును పొద్దు గుంకే లోపు మూసేయండి. కనీసం వారం రోజులు ఇద్దరు మనుషులు వంతులేసుకుని దొడ్డి దగ్గర పడుకోండి.